కన్యాశుల్కము: శాసనమును సాక్ష్యమును

ఆలంకారికులు ఉపదేశమును మూడు విధములుగా విభజించిరి. వేదము ప్రభుసమ్మితము, అది రాజాజ్ఞవలె విధించును. పురాణేతిహాసములు సుహృత్సమ్మితములు, అవి చెలికానివలె హితము దెలుపును. కావ్యము కాంతాసమ్మితము, అది సరసముగా మనస్సును లోగొని కర్తవ్యమునకు మరలించును. మమ్మటాదులు నిరూపించిన యీ విభాగము విద్యార్థులకెల్ల కంఠస్థమే యైనను, ఆధునికవాఙ్మయమున దీనిని పరీక్షించి చూచుట యరుదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కనాటకము అట్టి పరీక్షకు మిక్కిలి తగినది. ఏలయన, ఒక్క దురాచారమును మాన్పుటకై ఒక్క సంస్థానము నాశ్రయించి, ఇంచుమించు ఒక్క కాలముననే, శాసనప్రయత్నమును నాటకప్రయత్నమును రెండును జరిగినవి. మొదటిది ఫలింపలేదు, రెండవది నిలిచినది. శాసనము చేయలేని పనిని నాటకము చేసెననుట లోకమున వాడుక. ఆ మాట ఎంతవరకు సత్యమో, నాటకము శాసనమును గూర్చి యేమి చెప్పుచున్నదో విచారింపవలసి యున్నది.

ముందు చరిత్రాంశము. విజయనగరాధీశ్వరులగు ఆనందగజపతి మహారాజుగారు విశాఖపట్టణమండలమందలి బ్రాహ్మణకుటుంబములలో మూడు సంవత్సరముల కాలమున జరిగిన శుల్కవివాహములకు ఒక పట్టిక వ్రాయించిరి. ఆ పట్టికలోని లెక్కలను అప్పారావుగారు 1897వ సంవత్సరపు ప్రథమముద్రణమునకు ఆంగ్లమున వ్రాసిన పీఠికలో ఉదాహరించిరి. తేలిన వివాహములు 1034. ఏటికి సగటున 344. అందు అయిదేండ్ల ప్రాయమున పెండ్లియైన బాలికలు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది ప్రాయముగల శిశువులు 3. ఈ శిశువులకు తలకు 350 మొదలు 400 రూపాయల వరకు వెల పలికినది. అయిదేండ్లును అంతకు లోపును గల బాలికలను కూడినచో 188 మంది యగుదురు. అనగా విక్రీతలలో ఇంచుమించు ఆఱింట నొకతె. సొమ్ము గొన్నవారు గొంటిమని యొప్పుకొనుటకు వెనుదీయుట సహజమగుటచే అసలు సంఖ్య ఇంతకంటె హెచ్చుగా నుండెనని యూహింపవలసియే యున్నది.

మహారాజుగారు మద్రాసు శాసననిర్మాణసభలో సభ్యులుగా నున్నవారు. ఈ యాచారమును నిషేధింప చట్టము తెచ్చుటకు వారు చేసిన యత్నము నెఱవేఱలేదు. పిదప 1892వ సంవత్సరము ఆగస్టు 13వ తేదీని విజయనగరమున జగన్నాథవిలాసినీసభవారు ఈ నాటకమును ప్రదర్శించిరి. 1897లో అచ్చుపడిన గ్రంథము మహారాజుగారికి అంకితమయ్యెను. 1909లో మిక్కిలి పెరిగి, ఇప్పుడు లోకము చదువుచున్న రూపమును దాల్చెను. కావున ఈ నాటకమునకు జన్మభూమి ఒక యధికారపత్రిక యనుట యతిశయోక్తి కాదు. పట్టిక, చట్టము, నాటకము అను మూడును ఒక్క వంశమునకు జెందినవి.

ఇచట నొక్క విషయమును మఱవరాదు. శుల్కగ్రహణమునకు నిషేధము కొత్తగా పుట్టవలసినది కాదు. మనుస్మృతి అష్టవిధవివాహములలో నాసురమును లెక్కించియు దానిని కూడదనినది. కన్యాపిత అణుమాత్రమైనను శుల్కము గొనరాదనియు, లోభముచే గొన్నవాడు సంతానవిక్రేత యగుననియు చెప్పినది. అగ్నిహోత్రావధానులవంటి శ్రోత్రియునకు ఈ వచనము తెలియనిది కాదు. అనగా ప్రభుసమ్మితమైన యాజ్ఞ యుండెను. దానిని నిత్యము వల్లించువారి యింటనే విక్రయము జరిగెను. విధివాక్యము లేకపోవుట యొక్కటియే యీ రోగమునకు నిదానము కాదని నాటకము మొదటి యంకముననే స్పష్టము చేయుచున్నది.

ఈ నాటకముపై విమర్శకులు చేసిన యాక్షేపణలలో ముఖ్యమైనది వస్త్వైక్యమునకు సంబంధించినది. పేరు కన్యాశుల్కమనియు, కథ మాత్రము గిరీశము చుట్టును మధురవాణి చుట్టును తిరుగుచున్నదనియు, శుల్కమునకు అమ్ముడుపోవలసిన సుబ్బి యేమూలనో యుండి తుదకు పెండ్లియే తప్పిపోవుచున్నదనియు వారి పూర్వపక్షము. పైచూపునకు ఇది సత్యమువలె దోచును. అవధానులు తన చిన్నకూతురు సుబ్బిని పదునెనిమిదివందల రూపాయలకు వృద్ధుడగు లుబ్ధావధానులకిచ్చుటకు నిశ్చయించును. తల్లి వెంకమ్మ ఏడ్చును, వేడును, తుదకు నూతిలో పడును. ఆమె సోదరుడు కరటకశాస్త్రులు తన శిష్యుడగు మహేశమునకు ఆడువేషము వేసి, తక్కువ వెలకు చూపి, ఆ ముసలివానికి పెండ్లి చేయించును. సుబ్బి తప్పించుకొనును. పాఠకునకు ఆమె కంఠస్వరము కూడ సరిగా తెలియదు.

ఈ యాక్షేపమునకు సమాధానము ఆ వేషములోనే యున్నది. వధువు స్థానమున పిల్లవాడు కూర్చుండినను వివాహము జరిగిపోయినది, కొనువాడు కనుగొనలేదు. ఏల? అతడు చూచినది వెలను గాని వధువును గాదు. అంగడిలోని వస్తువునకు తూకము, ధర, రకము కావలయును గాని మనస్సు అక్కఱలేదు. బాలిక యను పేర నొక రూపమున్న చాలును. లోన నున్నది సుబ్బియా, మహేశమా యనుట విక్రయమునకు సంబంధింపని ప్రశ్న. కావున సుబ్బి రంగమున కనబడకుండుట నాటకమునకు లోపము కాదు, విషయమే యది. పట్టికలో 1034 మంది యెట్లు పేరులేక, మాటలేక, అంకెలుగా మాత్రమే నిలిచిరో, నాటకమున సుబ్బియు నట్లే నిలిచినది. వస్త్వైక్యము ఇచట పాత్రలో గాక అభావమున నున్నది.

ఇంతకంటె తీవ్రమైన వ్యంగ్యము తరువాత గలదు. పెండ్లియైన పిదప మహేశము వేషము తీసి పాఱిపోవును. వధువు కనబడదు. అంతట లుబ్ధావధానులు ఆ బాలికను చంపెనని యపవాదు పుట్టును; పోలీసులు కదలుదురు; సాక్షులు సిద్ధమగుదురు; వకీళ్లు, గుమాస్తాలు, లంచములు అన్నియు నడుచును. రాజ్యయంత్రమంతయు ఒక్కసారి మేల్కొని ఒక బాలిక ప్రాణమునకై న్యాయము వెదకును. ఆ బాలికయో, పుట్టనే లేదు! పుట్టి, వెలపోయి, ముసలివారి యిండ్లకు చేరిన వేయిమంది విషయమున కాలు కదపని యధికారము, లేని పిల్ల విషయమున ఇంత చుఱుకుదనము చూపినది. హాస్యమునకై కూర్చిన యుదంతమని దీనిని దాటిపోరాదు. హత్యకు చట్టము గలదు గనుక హత్య యనగానే యంత్రము తిరిగినది; విక్రయమునకు చట్టము లేదు గనుక విక్రయము దానికి కనబడలేదు. శాసనము కన్నువంటిది, అది దేనిని నేరమని పేర్కొనునో దానినే రాజ్యము చూడగలుగును. సంఘసంస్కరణమునకు శాసనము అక్కఱలేదని యీ నాటకము చెప్పుచున్నదనువారు ఈ ఘట్టమును మఱల చదువవలయును.

అయినచో శాసనమున్న చోట గతి యెట్టిది? దీనికి బుచ్చమ్మ కథ యుత్తరము. అవధానుల పెద్దకూతురగు నీమె బాల్యముననే వితంతువైనది. వితంతుపునర్వివాహమును ధర్మసమ్మతముగా నంగీకరించిన చట్టము 1856లోనే పుట్టినది. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు తొలి వితంతువివాహము జరిపిరి. కావున బుచ్చమ్మకు చట్టమున్నది, ఉదాహరణమున్నది. ఆ చట్టమును ఆమె యింటికి మోసికొనివచ్చినవా డెవడు? గిరీశము. అతడు పునర్వివాహమును గూర్చి యనర్గళముగా నుపన్యసించును. దానినే వలగా పన్ని ఆమెను లేవదీసికొనిపోవును. చట్టము లేని చోట అవధానులు బాలిక నమ్ముకొనెను. చట్టమున్న చోట గిరీశము దానిని తన స్వార్థమునకు వినియోగించుకొనెను. రెండు చోట్లను స్త్రీకి తెలిసినది స్వల్పము, నిర్ణయించినది శూన్యము. పైగా ఆ 1856వ సంవత్సరపు చట్టమే, పునర్వివాహము చేసికొన్న వితంతువు పూర్వభర్త యాస్తిలో తనకుగల యనుభవహక్కును గోలుపోవునని విధించినది. ఒకచేత నిచ్చి యొకచేత గైకొన్న యట్టి శాసనమును, తన హక్కెంతయో యెఱుగని యువతియెదుట వాచాలుడు విప్పి చదివినచో కలుగు ప్రమాదము నాటకకర్తకు బాగుగ తెలియును.

శాసనము యొక్క మూడవ ముఖము సౌజన్యారావుపంతులు. ఇతడు న్యాయవాది, నిష్కపటుడు, సంస్కరణాభిమాని. ఇతనియందు హాస్యాస్పదమైన దేదియు లేదు. నాటకకర్త గౌరవముతోనే చిత్రించినాడు. కాని యితనికొక నియమము గలదు: వేశ్యలను దరికి రానీయడు. ఆ కాలమున సంస్కర్తలు సాగించిన సానిమేళవిరోధోద్యమమునకు ఇది ప్రతిబింబము. ఇపుడు చిక్కు చూడుడు. లుబ్ధావధానులపై మోపిన కూటవ్యవహారమును ఛేదింపగల సత్యము తెలిసినది ఒక్క మధురవాణికి. గిరీశము నిజస్వరూపము తెలిసినదియు నామెకే. న్యాయము కోరువాని కావశ్యకమైన సాక్ష్యమంతయు, అతడు మొగము చూడనని ప్రతిన పూనిన స్త్రీయొద్ద నున్నది! ఆమె అతనియొద్దకు పురుషవేషమున పోవలసివచ్చినది.

నాటకమున ఈ రెండు వేషములును ఒండొంటికి ప్రతిగా నిలుచుచున్నవి. బాలుడు ఆడువేషమున వివాహవిపణిలో ప్రవేశించెను. స్త్రీ మగవేషమున న్యాయవాది మందిరమున ప్రవేశించెను. మొదటిది ఆడుదాని శరీరమునకు వెలయున్న దేశమును చూపును. రెండవది ఆడుదాని మాటకు విలువలేని దేశమును చూపును. కన్యాశుల్కమను దురాచారము ఈ రెంటి నడుమ పుట్టినది. శరీరమునకు వెల గట్టుటయు మాటకు విలువ గట్టకపోవుటయు ఒక్క నాణెమున కిరుముఖములు. నాటకముయొక్క సారము ఈ ద్వంద్వమున నున్నదని నిర్ణయింపవచ్చును. కూర్పు సడలినదనువారు ఈ యంతర్నిర్మాణమును గమనింపలేదు.

రెండవ యాక్షేపము భాషకు సంబంధించినది. గ్రామ్యోక్తులు, అగ్రహారపు పలుకులు, ఆంగ్లమిశ్రమైన గిరీశము వాక్కులు సాహిత్యగౌరవమునకు తగవని పండితులలో పలువురు చిరకాలము వాదించిరి. భాషావాదమును ఇచట మఱల నెత్తుట యనావశ్యకము. సంస్కృతనాటకములలోనే స్త్రీలకును నీచపాత్రలకును ప్రాకృతము విధింపబడి యుండుటచే పాత్రోచితభాష శాస్త్రవిరుద్ధము కాదనుట యెల్లరకును తెలిసినదే. కాని యీ నాటకమున వ్యావహారికమునకు వేఱొక ప్రయోజనము గూడ గలదు. న్యాయస్థానమున సాక్షి పలికిన మాటను పలికినట్లే వ్రాసికొందురు. దానిని మెఱుగుపెట్టినచో సాక్ష్యము చెడును. వెంకమ్మ భర్తతో చెప్పుకొన్న మొఱ, పూటకూళ్లమ్మ తిట్టు, మీనాక్షి గోడు, మధురవాణి చతురోక్తి, ఇవి యన్నియు అట్టి వాఙ్మూలములు. పట్టికలో అంకెలుగా మాత్రమున్నవారి లోకము ఇచట తన నోటితో తాను పలికినది. గ్రంథస్థభాషలోనికి మార్చినచో ఆ పలుకులకు గౌరవము వచ్చును గాని ప్రామాణ్యము పోవును.

గుణములను గ్రహించిన పిదప దోషములను దాచుట విమర్శధర్మము కాదు. నాటకము ఒక్క సుబ్బిని రక్షించినది. రక్షించిన యుపాయము పురుషులు పన్నిన మోసము. వెంకమ్మ నూతిలో పడుట యొక్కటే ఆ యింటి స్త్రీ చేయగలిగిన ప్రతిఘటనము. దానికి ఫలము ఆమె చేతిలో లేక సోదరుని చేతిలో నున్నది. బుచ్చమ్మ గిరీశమునుండి విముక్తయైనను, ఆమె ముందుగతి సౌజన్యారావు నిర్ణయించినట్లు జరుగవలసినదే. నీకేమి కావలయునని యామె నడిగినవారు లేరు. మీనాక్షి దుర్గతికి నాటకమున పరిహారమే లేదు. మధురవాణి యొక్కతెయే స్వబుద్ధితో కార్యము సాధించినది. ఆమెకు స్వాతంత్ర్యము కులస్త్రీత్వమునకు వెలియైనందుననే లభించినది. నాటకకర్త దీనిని దోషముగా గాక యథార్థముగా చిత్రించెననుట న్యాయమే. అయినను పీఠికలో సంస్కరణమే తన యుద్దేశమని ప్రకటించినవాని గ్రంథమున, రక్షింపబడు స్త్రీలు తమ రక్షణలో భాగము లేనివారై యుండుట పాఠకుని మనస్సును కలచకపోదు.

ఈ కొఱత తీఱుట సాహిత్యమున గాక శాసనచరిత్రమున ప్రారంభమయ్యెను. మద్రాసు రాజధానిలో 1921లో స్త్రీలకు శాసనసభ యెన్నికలలో ఓటుహక్కు లభించినది. అది ఆస్తి మున్నగు నర్హతలుగల కొందఱికి మాత్రమే. పిదప ముత్తులక్ష్మీరెడ్డిగారు ఆ సభలో తొలి స్త్రీసభ్యురాలైరి. బాల్యవివాహనిషేధమునకై హరవిలాస శారదాగారు తెచ్చిన చట్టమునకు ముందు 1928లో జోషీసంఘము నియమింపబడి, దేశమున పలుతావులు తిరిగి సాక్ష్యములు గొన్నది. దానిలో రామేశ్వరీనెహ్రూగారు సభ్యురాలుగా నుండిరి; స్త్రీలు సాక్షులుగా వచ్చి పలికిరి; స్త్రీసమాజములు సభలు జరిపి విజ్ఞాపనములు పంపినవి. 1929లో చట్టము పుట్టి 1930 ఏప్రిలు 1వ తేదీనుండి యమలులోనికి వచ్చెను. బాలికకు పదునాలుగు, బాలునకు పదునెనిమిది యేండ్ల వయోనియమ మేర్పడెను. మహారాజుగారి పట్టికకును జోషీసంఘపు సాక్ష్యములకును గల భేదము గమనింపదగినది. మొదటిది స్త్రీలను గూర్చిన లెక్క. రెండవదానిలో స్త్రీలు చెప్పిన మాట గలదు. మధురవాణి మగవేషమున ప్రవేశింపవలసిన మందిరమున ఈమెలు స్వవేషముతో ప్రవేశించిరి.

అయినను 1929వ సంవత్సరపు చట్టము వివాహము చేయించినవారిని శిక్షించెను గాని జరిగిన వివాహమును రద్దు చేయలేదు. దండన మొకరికి, బంధన మొకరికి. ఈ లోపమునకు కొంత పరిష్కారము 2006వ సంవత్సరపు బాల్యవివాహనిషేధచట్టమున గానవచ్చును. బాల్యమున వివాహితులైనవారు తామే కోరి, యుక్తవయస్సు వచ్చిన రెండేండ్లలోపుగా న్యాయస్థానముచే ఆ వివాహమును రద్దు చేయించుకొనవచ్చును. పెండ్లికై బాలికను విక్రయించి తంతు జరిపినచో అట్టి వివాహము చెల్లనే చెల్లదని యా చట్టమే నిర్దేశించినది. అప్పారావుగారు పట్టికను పీఠికలో నచ్చొత్తించిన 109 సంవత్సరములకు విక్రయవివాహమునకు శాసనమున స్పష్టమైన పేరు, ఫలము ఏర్పడినవి. సుబ్బివంటి బాలిక తన మాటచే తన వివాహమును రద్దు చేయించుకొను హక్కును గూడ ఆ చట్టమే యిచ్చినది.

ఇందుచే నాటకము శాసనమును పుట్టించెనని చెప్పుట సాహసము. 1897కును 2006కును నడుమ గడచిన మార్గము పెద్దది. దానిలో నడచినవారు వేలమంది. అంతేకాక శుల్కమునకు వెనుదిరిగిన ధనాశ వరకట్నరూపమున వరుని పక్షమునకు జేరి, 1961లో దానికి వేఱొక నిషేధచట్టము పుట్టవలసివచ్చెను. విపణిలో తూకమురాళ్లు మాత్రమే మాఱినవి. వెల గట్టుబుద్ధి మాఱనంతవరకు శాసనము ఒక ద్వారమును మూసినచో మఱియొక ద్వారము తెఱచికొనునని నాటకము ముందే సూచించినది. మహేశమును సైతము కొన్న లుబ్ధావధానులు దానికి నిదర్శనము.

కావున కావ్యప్రయోజనవిషయమున తేలిన సిద్ధాంతమిది. ప్రభుసమ్మితమునకు కాంతాసమ్మితము ప్రత్యామ్నాయము కాదు. శాసనమునకు కన్నులిచ్చుట, ఎవరిని చూడవలయునో చూపుట, ఎవరి మాట వినలేదో వినిపించుట కావ్యము పని. విన్నదానిని హక్కుగా మార్చుట శాసనము పని. ఒకదాని పని రెండవది చేయజాలదు. పాఠశాలలలో ఈ నాటకమును బోధించు పండితులు గిరీశము హాస్యమును విద్యార్థులచే వల్లింపజేయుటతో తృప్తిపడుచున్నారు. పీఠికలోని యాపట్టికను నల్లబల్లపై వ్రాసి, 99, 44, 36, 6, 3 అను నంకెలను కూడించి, పిదప సుబ్బి యేయే యంకములలో కనబడుచున్నదో, ఏమి పలుకుచున్నదో వెదకుడని విద్యార్థుల నడిగినచో, వెదకి వెదకి వారు పొందు నాశ్చర్యమే ఈ గ్రంథమునకు సరియైన వ్యాఖ్యానము కాగలదు.